ఐదడుగుల డైనింగ్ టేబుల్, ఆరు నెలలు వాడాక
మా డైనింగ్ రూమ్ 11 బై 9 అడుగులు, అందుకే 5 బై 3 టేబుల్ తీసుకున్నాం, చుట్టూ 3 అడుగులు ఖాళీ మిగిలింది, కుర్చీ వెనక్కి లాగినా వెనకాల మనిషి నడవగలుగుతున్నారు, అదే నాకు బాగా నచ్చింది. ఆరడుగులది కొనుంటే రెండు చివర్లా రెండున్నర అడుగులే మిగిలేది, అక్కడ కుర్చీ లాగితే వెనకాల నడవడం కష్టమయ్యేది.

సిక్స్ సీటర్ అన్నారు గానీ ఒక్కో వైపు ముగ్గురు కూర్చుంటే మనిషికి 20 అంగుళాలే, మోచేతులు తగులుతున్నాయి, కనీసం 24 ఉండాలండి. ఇద్దరిద్దరు, చివర్లలో ఒక్కొక్కరు కూర్చుంటే ఆరుగురికీ హాయిగా సరిపోతుంది. టేబుల్ కాళ్లు కూడా మూలల్లోనే ఉన్నాయి కాబట్టి మోకాళ్లకి అడ్డం రావు.

కొనేముందు నేలమీద టేప్ అంటించి చూడండి, కుర్చీలు వేసి మరీ, చాలా తేడా తెలుస్తుంది. చెక్క, పాలిష్ బానే ఉన్నాయి.