చెంచాడు పొట్టు, గ్లాసెడు నీళ్లు: ఆరేళ్ల ఇసబ్‌గోల్ వాడకం

మా ఇంట్లో ఉప్పు అయిపోతే ఒక పూట ఎట్లాగో నడుస్తుంది. ఇసబ్‌గోల్ అయిపోతే మాత్రం రాత్రి తొమ్మిదికైనా సరే మా ఆయన బండి తీయాల్సిందే. కడుపు బాగుండటానికి నీళ్లలో కలుపుకుని తాగే ఒక గింజ పొట్టు ఇది. 2019 ఆగస్టులో మొదలుపెట్టాను. మధ్యలో రెండుసార్లు మానేసి చూశాను, రెండుసార్లూ పది రోజుల్లోనే మళ్లీ పట్టుకున్నాను. రోజుకు ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 5 గ్రాములు. 100 గ్రాముల ప్యాకెట్ ఇరవై రోజులు వస్తుంది. హనుమకొండలో ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. ఏ కంపెనీది మంచిదని అడుగుతుంటారు. నాలుగు రకాలు మార్చాను, మామూలు పొట్టులో నాకు తేడా ఏమీ కనిపించలేదు. ఆరెంజ్ రుచి కలిపింది మాత్రం షర్బత్ తాగినట్టే ఉంది, రెండోసారి కొనలేదు.

నాకున్నది ఐబీఎస్, అంటే పరీక్షల్లో ఏమీ కనిపించకున్నా నొప్పి, మలబద్ధకం, విరేచనాలతో సతాయించే పేగు జబ్బు. 2018 ఎండాకాలంలో ఒక పెండ్లి దావత్ తర్వాత వారం రోజులు వాంతులు, విరేచనాలు. అవి తగ్గాయి గానీ కడుపు పాత దారికి రాలేదు. రెండు రోజులు మేక పెంటికల్లా గట్టిగా, మూడో రోజు నీళ్లలా. బొడ్డు కింద మెలిపెట్టే నొప్పి, బాత్రూంకు పోయొస్తే తగ్గుతుంది, గంటకు మళ్లీ మొదలు. స్కానింగ్, ఎండోస్కోపీ, రక్తపరీక్షలు, అన్నీ నార్మల్. ఒకచోట "ఏం లేదమ్మా, ఊరికే ఆలోచించకు" అని పంపించేశారు. ఏమీ లేకపోతే పొద్దున బడికి పోయే పరకాల బస్సు ఎక్కడానికి నా కాళ్లు ఎందుకు వెనకాడతాయో వాళ్లు చెప్పలేదు.

ఏడాది తిరిగాక ఒక గ్యాస్ట్రో డాక్టర్ దొరికారు. ఆయన పరీక్షలకంటే ముందు ప్రశ్నలు అడిగారు. మూడు నెలలుగా వారానికి ఒక్కరోజైనా నొప్పి వస్తోందా? మోషన్‌కు పోతే ఆ నొప్పి తగ్గడమో పెరగడమో ఉందా? ఎన్నిసార్లు పోతున్నారు, ఎట్లా అవుతోంది, వాటిలో మార్పు వచ్చిందా? మొదలై ఆరు నెలలు దాటిందా? 2016లో ఖరారైన రోమ్ 4 అనే కొలతలు ఇవేనట. తర్వాత బొమ్మల కాగితం ఒకటి ముందు పెట్టి "మీది ఏ నంబరు?" అన్నారు. బ్రిస్టల్ చార్ట్ అంటారు, మలం ఏడు రకాలు, 1 అంటే రాళ్లు, 7 అంటే నీళ్లు. పిల్లలకు బొమ్మలు చూపించి పాఠం చెప్పేదాన్ని, ఆ కాగితం మీద వేలు పెట్టడానికి సిగ్గుపడ్డాను. నాది ఒకరోజు 1, ఇంకోరోజు 6. గోధుమ పడని సీలియాక్ జబ్బు లేదని ఒక రక్తపరీక్షతో తేల్చుకుని, పేగులో పుండు లేదు, పేగుకూ మెదడుకూ మధ్య మాటామంతీ చెడింది అని చెప్పారు. నా బాధకు ఒక పేరు వచ్చిన రోజు అది.

అప్పటిదాకా ఎవరో చెప్పారని ఫైబర్ కోసం గోధుమ తవుడు రొట్టెల్లో కలుపుకుని తింటున్నాను. డాక్టర్ నవ్వి, నీళ్లలో కరగని ఆ పీచు ఐబీఎస్ కడుపును ఇంకా రేపుతుందని, కరిగి జిగురయ్యే పీచు కావాలని ఇసబ్‌గోల్ రాశారు. అది గట్టిపడ్డప్పుడు నీళ్లు పట్టి మెత్తగా చేస్తుంది, నీళ్లలా పోతున్నప్పుడు ఆ నీళ్లనే పీల్చి చిక్కబరుస్తుంది. మలబద్ధకానికి వాడేది విరేచనాలకు ఎట్లా పనిచేస్తుందని అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే.

అరచెంచాతో మొదలుపెట్టి మెల్లగా పెంచమన్నారు. నేను మొదటి రోజే రెండు చెంచాలు వేసుకున్నాను. మర్నాటికి కడుపు డప్పులా బిగిసింది. మూడో రోజు అరగ్లాసు నీళ్లలో కలిపి, ఫోన్ వస్తే మాట్లాడి, ఆ తర్వాత తాగి పడుకున్నాను. గొంతులో ముద్దలా ఆగిపోయి ఊపిరి ఆడలేదు. అందుకే చెప్తున్నా, దీంతో ఆటలొద్దు. స్టీలు గ్లాసులో నీళ్లు నిండుగా పోయాలి, పొట్టు పైన చల్లాలి, నాలుగుసార్లు చెంచా తిప్పి అక్కడే నిలబడి తాగేయాలి. రెండు నిమిషాలు ఆలస్యమైతే చిక్కటి గంజి అవుతుంది, ఐదు నిమిషాలకు చెంచా నిలబడుతుంది. తాగాక అదే గ్లాసు నిండా ఇంకోసారి మామూలు నీళ్లు. తాగిన గంట దాకా నడుము వాల్చను. పొద్దున పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటాను కాబట్టి ఇసబ్‌గోల్‌ను రాత్రికి మార్చాను, మాత్రకూ దీనికీ నాలుగు గంటలైనా ఎడం ఉండాలని డాక్టర్ మాట.

ఆరు వారాలకు బొమ్మల కాగితంలో నా నంబరు 3, 4 దగ్గర నిలబడింది. ఇప్పటికీ నెలలో ఎక్కువ రోజులు అక్కడే. ఇసబ్‌గోల్ చేసేది ఈ ఒక్క పని, దీన్ని బాగా చేస్తుంది. నొప్పిని పెద్దగా తగ్గించలేదు. గ్యాస్‌ను అసలే తగ్గించలేదు, మొదటి రెండు వారాలు పెంచింది కూడా.

గ్యాస్ సంగతి వంటింట్లో తేలింది. ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు తయారుచేసిన ఫాడ్‌మ్యాప్ పద్ధతి ఒకటుంది. పేగులో పులిసి గాలి పుట్టించే కొన్ని రకాల చక్కెరలున్న తిండిని కొన్ని వారాలు పక్కనపెట్టి, తర్వాత ఒక్కొక్కటే తిని చూడాలి. నేను ఆరు వారాలు చేశాను. మన తిండి ఇందుకు మరీ పగదేమీ కాదు: అన్నం, జొన్న రొట్టె, పెరుగు, పల్లీలు, నువ్వులు, బెండకాయ, వంకాయ, అన్నీ నాకు పడ్డాయి. సంక్రాంతి సకినాలు కూడా. పడనిది ఎల్లిగడ్డ. తర్వాత శనగపప్పు, గ్లాసెడు పాలు, సీతాఫలం. ఉల్లిగడ్డ కొంచెమైతే ఫర్వాలేదు. రెండు చాయ్‌లు ఏమీ చేయలేదు, దేవుడి దయ.

ఎల్లిగడ్డ మానేశానంటే మా అత్తమ్మ నమ్మలేదు. "ఎల్లిగడ్డ లేని తొక్కు గూడ తొక్కేనా బిడ్డా?" అని వారం రోజులు గొణిగింది. దీనికి ఒక ఉపాయం దొరికింది. ఎల్లిగడ్డలో నన్ను సతాయించే చక్కెర నీళ్లలో కరుగుతుంది గానీ నూనెలో కరగదు. రెబ్బలను నూనెలో ఎర్రగా వేయించి, గంటెతో ఏరి తీసేసి, ఆ నూనెతోనే పోపు పెడితే వాసన ఉంటుంది, కడుపు ఊరుకుంటుంది. ఏరిన రెబ్బలు అత్తమ్మ పళ్లెంలోకి. ఇప్పుడు మా ఇంట్లో సర్వపిండి రెండు రకాలుగా కాలుతుంది, నాది చిన్న గిన్నెలో.

ఇంత చేసినా బస్సు భయం పోలేదు. దాని గుట్టు 2020 మార్చిలో బడులు మూసినప్పుడు బయటపడింది. అదే తిండి, అదే పొట్టు, బస్సు మాత్రం లేదు. నెల రోజుల్లో నొప్పి సగానికి సగం తగ్గింది. బడులు తెరిచిన మొదటి వారమే తిరిగొచ్చింది. డాక్టర్ రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్ రాశారు. కాగితం మీద డిప్రెషన్ మందు అని చదివి, నాకు పిచ్చి అనుకుంటున్నారా అని మూడు నెలలు డబ్బా విప్పలేదు. విప్పాక నొప్పి మీద బాగానే పనిచేసింది, నోరు మాత్రం ఎండిపోతుంది. ఇంత తక్కువ మోతాదులో అది పేగు నరాల కోసమట. ఐబీఎస్‌లో ఇది పనిచేస్తుందని బ్రిటన్‌లో జరిగిన ఒక పెద్ద పరీక్షలో తేలిందని, ఆ ఫలితాలు 2023లో వచ్చాయని తర్వాత చదివాను. ఇంకా పరీక్ష డ్యూటీ ఉన్న రోజు ముందుగానే హెడ్‌మాస్టర్‌కు చెప్పి తలుపు దగ్గర గది అడుగుతాను. మొదటిసారి అడగడానికే రెండేళ్లు పట్టింది. ఆయనేమో "దానికేంది మేడం" అన్నారు, అంతే.

ఇసబ్‌గోల్ నాకు పనిచేసిందని మా తోడికోడలు కూడా అడగకుండానే వాడటం మొదలుపెట్టింది. ఆమెకు మలంలో రక్తం పడుతోంది, బరువు తగ్గింది, రాత్రి నిద్రలో లేచి పరుగెత్తుతోంది. మొలలనుకుంది. ఈ మూడూ ఐబీఎస్ లక్షణాలు కావని గట్టిగా చెప్పి వెంట తీసుకుపోయాను. పెద్దపేగులో పుండ్లని తేలింది, మందులు వేరే. పొట్టు పొడి మంచిదని చెప్పేటప్పుడు ఇప్పుడు నేను ముందు ఈ మూడూ అడుగుతాను.

మేడారం జాతరకు 2020లో పోలేదు, 2022లో పోలేదు. అన్ని లక్షల మందిలో నాకు అర్జెంటైతే అన్న ఆలోచనకే కడుపులో తిప్పేది. 2024 ఫిబ్రవరిలో పోయాను. స్టీలు డబ్బాలో పొట్టు, పర్సులో డాక్టర్ రాసిచ్చిన, విరేచనాలు ఆపే లోపరమైడ్ మాత్ర ఒకటి, జొన్న రొట్టెలు. గద్దెల దగ్గర బెల్లం సమర్పించి వచ్చేదాకా ఏమీ కాలేదు. సాయంత్రం గుడారం దగ్గర ఆడబిడ్డ కోడికూర వండింది, ఎల్లిగడ్డ నూరి దండిగా వేసింది. కళ్లతో చూస్తూనే ఉన్నాను, అయినా రెండుసార్లు వేయించుకున్నాను. ఇంటికొచ్చాక మూడు రోజులు కడుపు పట్టుకుని కూర్చున్నాను. కూర మాత్రం మస్తుండె.