టీ-72: ముందుకు బంగారం, వెనక్కి మాత్రం అడగొద్దు

125 ఎంఎం గన్, గుండ్లు తనే నింపుకునే ఆటోలోడర్, ముగ్గురే సిబ్బంది... టీ-72 ట్యాంకు గురించి ఇవన్నీ అందరికీ తెలిసినవే. నేను దాని డ్రైవర్‌ని. సర్వీసులో ఎక్కువ కాలం ఆ సీట్లోనే గడిచింది. ఇసుకలో ఎప్పుడూ మొరాయించని బండి. నా కోపమంతా రివర్స్ గేర్ మీదే.

ముందుకు ఏడు గేర్లు, వెనక్కి ఒకటే. రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్లు పోయేది, వెనక్కి నాలుగు దాటదు.

రాజస్థాన్‌లో ఒకసారి ఎక్సర్‌సైజ్, అంటే ఉత్తుత్తి యుద్ధం. ఇసుక దిబ్బ మీదికి గన్ కనబడేంత వరకే ఎక్కి, కాల్చినట్టు చూపించి, వెంటనే వెనక్కి దిగిపోవాలి. హ్యాచ్ మూసి ఉంటే డ్రైవర్‌కి వెనక ఏముందో కనబడదు. హెడ్‌సెట్‌లో వినబడే కమాండర్ గొంతే కళ్లు. "పీఛే, పీఛే, జల్దీ!" అని సాబ్ అరుపులు. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కాను. ఇంజన్ గోల పెడుతోంది, ట్రాకుల కింద ఇసుక జారుతోంది, బండిది మాత్రం ఊరేగింపు నడక. తిప్పుకుని పోదామంటే పల్చటి వెనక భాగం శత్రువుకి చూపించినట్టే. ఇంతలో ఎవరు బతికారో ఎవరు పోయారో తేల్చే అంపైర్ జీపులో వచ్చి, మీ ట్యాంకు పోయిందన్నాడు. సాయంత్రం దాకా బండి నీడలో కూర్చుని బిస్కెట్లు తిన్నాం. సాబ్ నాతో మాట్లాడలేదు.

తర్వాత అప్‌గ్రేడ్ వచ్చింది. వేడిని పసిగట్టి చీకట్లోనూ చూపించే థర్మల్ సైట్ చూసి గన్నర్ పండగ చేసుకున్నాడు. రాత్రిపూట దూరాన ఒంటె నడిచినా తెలిసేది. పైన రియాక్టివ్ ఆర్మర్ తొడిగారు, గుండు తగిలితే ఎదురు పేలి ఆపే పలకలు. నా వంతుకి వచ్చింది బరువే, ఇంజన్ అదే 780 హార్స్‌పవర్. మొరాయించదన్నానుగా, ఎండాకాలం మధ్యాహ్నాలు వదిలేసి చెప్పిన మాట అది. 1000 హార్స్‌పవర్ ఇంజన్లకు 2025 మార్చిలో మన ప్రభుత్వం 24.8 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. నేను దిగిపోయాక!

రివర్స్ ఒక్కటే బాగుచేయడం కుదరదు. గేర్‌బాక్సులు రెండు, చెరో పక్కన. మార్చాలంటే ఇంజన్ గది మొత్తం విప్పాలి. చెక్ వాళ్లు ఆ పని చేశారు. కొత్త ఇంజన్, ఆటోమేటిక్ గేర్లు పెడితే రివర్స్ వేగం 14 దాటింది. వందల్లో చేద్దామనుకుని ఖర్చు చూసి 30 దగ్గర ఆపేశారు. ప్రపంచంలో ముప్పయ్యే ఉన్న బండికి రేపు స్పేర్‌పార్ట్ ఎవరు చేస్తారు? చిన్న దేశాలు పాత ట్యాంకులు కొనేటప్పుడు ఇరుక్కునేది ఇక్కడే. పైగా తిరిగి అమ్మాలంటే అసలు తయారీ దేశం, సైట్ ఇచ్చిన దేశం, అందరి అనుమతీ కావాలి. అనుమతి దొరికినా తిరిగొచ్చేది తక్కువే. స్లొవేనియా తన టీ-55లకు (టీ-72 కన్నా పాత ట్యాంకులు) 105 ఎంఎం గన్ పెట్టి ముస్తాబు చేసుకుంది. 2022లో వాటిలో 28 ఉక్రెయిన్‌కి ఇచ్చేస్తే, బదులుగా జర్మనీ నుంచి వచ్చినవి 40 ట్రక్కులు.

కొనొచ్చా అంటే, మైదానం నేల, సొంత వర్క్‌షాపు, అదే మోడల్ వందల్లో ఉన్న దేశానికైతే సరే. కొండలు, ఇరుకు వీధులు ఉన్నచోట నేనైతే ఎక్కను. ఇది నడుము పోగొట్టుకున్న డ్రైవర్ మాట. ఇప్పుడు చీమకుర్తి గ్రానైట్ క్వారీలో డంపర్లు చూసుకుంటున్నాను, అవి చకచకా వెనక్కి వస్తుంటే ఒళ్లు మండుతుంది కూడా. మా గన్నర్‌ది కావలి. ఫోన్‌లో ఈ మాటెత్తితే, "యుద్ధంలో వెనక్కి పోయే పనేంటయ్యా నీకు?" అని పెట్టేస్తాడు.