పన్నెండు లీటర్ల రంజన్: రెండు వేసవుల వాడకం తర్వాత

కిందటేడాది మార్చి ఆఖరున, హైదరాబాద్ శివార్లలో రోడ్డు పక్కన గడ్డి పరిచి కుండలు పేర్చిన ఒక అంగట్లో, కుళాయి బిగించిన మట్టి రంజన్ ఒకటి కొన్నాను. అమ్మే ఆవిడ 450 రూపాయలు చెప్పగా, బేరమాడి మూతతో సహా 350కి తెచ్చుకున్నాను. పదిహేను లీటర్లు పడుతుందని చెప్పారు కానీ, ఇంటికి వచ్చి లీటరు సీసాతో కొలిచి పోస్తే పన్నెండు సీసాలకే అంచు దాకా వచ్చింది. ఈ రెండు వేసవుల్లో దాని గుణాలు, లోపాలు రెండూ తెలిశాయి కనుక, కొనాలనుకునేవారికి పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

కొనడానికి కారణం ముచ్చట కాదు, మూత్రపిండంలో రాయి. దానంతట అది పడిపోయింది గానీ, ఆ రెండు రాత్రుల నొప్పి ఇప్పటికీ గుర్తుంది. మళ్లీ రాకుండా ఉండాలంటే రోజుకు కనీసం రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంతగా నీళ్లు తాగాలని డాక్టరు గారు చెప్పారు. ఎన్ని గ్లాసులు తాగాలో చెప్పకుండా ఎంత బయటికి రావాలో చెప్పడం మొదట వింతగా అనిపించింది కానీ, ఏప్రిల్ ఎండలో చెమట రూపంలో ఎంత పోతుందో మనిషికీ మనిషికీ, రోజుకూ రోజుకూ మారుతుంది కాబట్టి అదే సరైన కొలత అని తర్వాత అర్థమైంది. ఇటలీలో మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని ఐదేళ్లపాటు గమనించి 1996లో ప్రచురించిన అధ్యయనంలో, నీళ్లు ఎక్కువగా తాగినవారిలో 12 శాతం మందికి మాత్రమే రాయి తిరగబెట్టగా, మామూలుగా తాగినవారిలో 27 శాతం మందికి తిరగబెట్టింది. అయితే ఈ లెక్క రాళ్లు వచ్చినవారిది. ఆరోగ్యంగా ఉన్నవారికి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది రోజుకు సుమారు ఎనిమిది గ్లాసులు, అంటే రెండు లీటర్లు. ఎండలోనూ, ఒళ్లు వంచి పనిచేసేటప్పుడూ అంతకన్నా ఎక్కువ కావాలి. గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల డాక్టరు నీటిపై పరిమితి పెట్టినవారికి ఇవేవీ వర్తించవు.

తాగాలని తెలిసీ తాగకపోవడమే మా ఇంటి సమస్య. గంటగంటకూ గుర్తుచేసే యాప్ ఒకటి ఫోనులో పెట్టుకున్నాను. నాలుగో రోజుకే దాని గొంతు నొక్కేశాను. ఫ్రిజ్ నీళ్లు రెండు గుక్కలు పడగానే పళ్లు జివ్వుమంటాయి, దాహం తీరినట్టే ఉండి గ్లాసు సగంలో ఆగిపోతుంది. ఫిల్టరు నుంచి నేరుగా పట్టుకుందామంటే, పైన ట్యాంకులో ఎండకు కాగిన నీళ్లు గోరువెచ్చగా వచ్చి నోటికి హితవుగా ఉండవు. ఈ రెండింటి నడుమ రంజన్ నీళ్లు సరిగ్గా సరిపోయాయి. గ్లాసు మొత్తం ఒక్క ఊపున దిగిపోతుంది, ఇంకో అరగ్లాసు పట్టుకోవాలనిపిస్తుంది. ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

చల్లదనాన్ని వంటింట్లో వాడే థర్మామీటరుతో చాలాసార్లు కొలిచాను. ఏప్రిల్ మధ్యాహ్నం గదిలో 34 డిగ్రీలు ఉన్నప్పుడు రంజన్ లోపలి నీరు 25 డిగ్రీలుంది. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు పైకి చెమర్చి ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని లోపలి నీటి నుంచే లాక్కుంటుంది. ఒక్క గ్రాము నీరు ఆవిరి కావడానికి 580 కేలరీల దాకా వేడి కావాలి. అంటే అది పోతూ పోతూ దాదాపు 58 గ్రాముల నీటిని పది డిగ్రీలు చల్లబరచగలదు. గాలి పొడిగా ఉంటేనే ఈ పని చురుగ్గా సాగుతుంది. మే నెలలో ఒక సాయంత్రం వాన పడి గాలి బరువెక్కినప్పుడు అదే రంజన్‌లో నీళ్లు 28 డిగ్రీల దగ్గరే ఆగిపోయాయి. కాకినాడలో ఉండే మా అక్క ఇలాంటిదే కొని, ‘నీ కుండ గొప్పలు మా ఊళ్లో చెల్లవురా’ అని ఫోనులో ఎద్దేవా చేసింది. ఆమె మాటలో నిజముంది. కోస్తా ఉక్కపోతలో ఇది కొంత చల్లబరుస్తుంది గానీ, తెలంగాణలోనూ రాయలసీమలోనూ ఉన్నంత చల్లదనం ఆశించకూడదు.

ఎక్కడ పెట్టామన్నది కూడా ముఖ్యమే. మొదట వంటింటి గట్టు మీద, పొయ్యికి రెండడుగుల దూరంలో పెట్టి, ఇది చల్లబడటం లేదని వారం రోజులు విసుక్కున్నాను. తర్వాత హాల్లో ఉత్తరపు కిటికీ పక్కన మూడు కాళ్ల ఇనుప స్టాండు మీదికి మార్చి, కింద తడి ఇసుక పోసిన పళ్లెం పెట్టాక పరిస్థితి మారింది. ఆ చోటు నాన్నగారి కుర్చీకి చేతికందేంత దూరంలో ఉండటం అనుకోకుండా కలిసొచ్చిన మేలు. వయసు మీదపడేకొద్దీ ఒంట్లో నీరు తగ్గినా దాహం సరిగా తెలియదు. అడిగితే ‘నాకు దప్పిక లేదు’ అనే ఆయన ఇప్పుడు పేపరు చదువుతూ చదువుతూ కుళాయి తిప్పుకుని తాగుతున్నారు. ఆదివారం నలుగురం ఇంట్లో ఉన్న రోజు లెక్క చూస్తే, ఫ్రిజ్ సీసాల కాలంలో రాత్రికి ఐదు లీటర్లు మించి అయ్యేవి కావు. ఇప్పుడు పొద్దున నింపిన పన్నెండు లీటర్లలో రాత్రికి మూడు మిగులుతున్నాయి. ఇందులో ముప్పావు లీటరు దాకా కుండ చెమటకే పోతుందని విడిగా కొలిచి చూశాను కనుక, మేం తాగింది ఎనిమిది లీటర్ల పైమాట.

ఇక లోపాల సంగతి. అన్నిటికన్నా పెద్దది కుళాయి. తెచ్చిన మూడో రోజున తెల్లవారేసరికి హాలంతా నీళ్లు, నాన్నగారి చెప్పులు తేలడమొక్కటే తక్కువ. ప్లాస్టిక్ కుళాయి లోపలివైపు రబ్బరు వాషరే లేదు. అంగడికి వెళ్లి అడిగితే ‘అది మీరే వేసుకోవాలె సార్’ అన్నారు. ప్లంబింగ్ సామాన్ల కొట్లో పది రూపాయలకు రెండు వాషర్లు దొరికాయి. నట్టు మరీ గట్టిగా బిగిస్తే మట్టి పగులుతుంది కాబట్టి చేత్తోనే, నెమ్మదిగా తిప్పాలి. కుళాయి అడుగు నుంచి రెండు వేళ్ల పైన ఉండటం వల్ల ఆఖరి లీటరు నీళ్లు ఎప్పుడూ లోపలే నిలుస్తాయి. వాటిని రోజూ పారబోసి కొత్త నీళ్లు పోయాలి తప్ప, పాతవాటి మీదే పోస్తూ పోకూడదు. అలా చేసిన ఒక వారం లోపల చెయ్యి పెడితే జారుడుగా పాచి తగిలింది.

మొదటి రెండు రోజులు నీళ్లకు మట్టి వాసన ఎక్కువగా ఉంటుంది. ఒక పగలూ ఒక రాత్రీ నానబెట్టి ఆ నీళ్లు మొక్కలకు పోస్తే చాలావరకు పోతుంది. సబ్బు పెట్టి తోమకూడదు, రంధ్రాల్లోకి దిగి రోజుల తరబడి నురగ రుచి వస్తుంది. కొబ్బరి పీచు, వేడి నీళ్లు చాలు.

అంగట్లో తగిలించిన అట్ట మీద ‘రోగాలన్నీ పోతాయి’ అని రాసి ఉంది. ఇలాంటి మాటలు నమ్మి ఏ నీళ్లు పడితే ఆ నీళ్లు ఇందులో పోయడం ప్రమాదం. రంజన్ నీటిని చల్లబరుస్తుందే గానీ శుద్ధి చేయదు. ఫ్లోరైడు ఉన్న బోరు నీరు కుండలో పోసినా ఫ్లోరైడు నీరే. శుద్ధి చేసిన నీళ్లనో, కాచి చల్లార్చిన నీళ్లనో పోసుకోవాలి. రంగులు, వార్నిష్ పూసి పూలు దిద్దిన కుండలు చూడముచ్చటగా ఉన్నా వాటిని వదిలేయడం మంచిది. పూత రంధ్రాలను మూసేస్తే కుండ చెమర్చదు, పైగా ఆ రంగుల్లో ఏం కలిపారో చెప్పేవారుండరు.

ఈ ఏడాది ఏప్రిల్‌కల్లా పాత రంజన్ పనితనం తగ్గింది. మధ్యలో ట్యాంకరు నీళ్లతో గడిపిన నెలన్నర ప్రభావం కావచ్చు, బయట గోడంతా తెల్లటి ఉప్పు పేరుకుని, ఎంత రుద్దినా పోలేదు, మునుపు తొమ్మిది డిగ్రీలు తగ్గేది కాస్తా ఐదుకు పడిపోయింది. ఏడాదికో కొత్తది కొనాలని పెద్దవాళ్లు అనేది ఇందుకేనేమో. పాతదాంట్లో ఇప్పుడు మనీప్లాంటు పెరుగుతోంది. మే మొదట్లో అదే అంగడికి మళ్లీ వెళ్లాను. నాలుగైదు రంజన్లను వేలి కణుపుతో తట్టి చూసి, ఖంగున మోగినదాన్ని ఎంచుకున్నాను. బాగా కాలనిది, బీట ఉన్నది బొంగురుగా పలుకుతుంది. 400 అయింది. వాషరు జేబులో పెట్టుకునే వెళ్లాను, ఆవిడ చేతనే బిగించి, బిందెడు నీళ్లు పోయించి, అరగంట అక్కడే నిలబడి చూశాకే డబ్బులిచ్చాను.