నాగలాపురం నుంచి తిరుమలకు, ఈసారి ఒక్కడినే

చెన్నై నుంచి తిరుమలకు కాలినడకన ఒంటరిగా వెళ్లాలనుకునేవాళ్లకు ముందే చెప్తున్నాను. దారి కష్టం కాదు, గది దొరకడమే కష్టం.

పోయిన పెరటాసిలో (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) మా విల్లివాక్కం గుంపుతో బయల్దేరాం. రెడ్‌హిల్స్, పెరియపాళెం, ఊత్తుకోట దాటి, సురుటపల్లిలో పడుకున్న శివుణ్ణి చూసి నాగలాపురం చేరేసరికి మా బావ (మా ఆవిడ అన్నయ్య) అరికాళ్లు బొబ్బలెక్కాయి. దానికి తోడు కుండపోత వాన. ఆయన బస్సెక్కుతానన్నాడు. ఒక్కణ్ణే పంపిస్తే ఇంట్లో నాకు మాట పడుతుందని నేనూ ఎక్కాను. గుంపు కొండకు వెళ్లిపోయింది, నా మొక్కు మాత్రం సగంలో ఆగింది. మిగతా సగం పూర్తి చేద్దాం రమ్మంటే బావ "అది నీ మొక్కు, నాది కాదు" అని టీవీ సౌండు పెంచాడు.

సంక్రాంతి వెళ్లాక మాధవరంలో తెల్లవారుజామున ఆంధ్రా బస్సెక్కాను. టికెట్టు 110. ఎక్కడ ఆగామో అక్కడి నుంచే నడవాలని పట్టుదల. నాగలాపురం వేదనారాయణస్వామి గుడిలో దణ్ణం పెట్టుకుని మొదలుపెట్టాను. మత్స్యావతారానికి ఉన్న అరుదైన గుళ్లలో ఇదొకటి. ఊరికి శ్రీకృష్ణదేవరాయలు తన తల్లి నాగలాంబ పేరు పెట్టాడంటారు. మార్చిలో ఇక్కడ సూర్యపూజ. సాయంత్రపు ఎండ గర్భగుడిలోకి వచ్చి స్వామి మీద పడుతుందని జనం విరగబడతారు. నడక ఆ రోజుల్లో పెట్టుకోకండి.

పెరటాసికీ మామూలు రోజులకూ తేడా మొదటి గంటలోనే తెలిసింది. అప్పుడు ప్రతి మలుపులో పందిరి, మజ్జిగ, పొంగలి, "గోవిందా" అని పిలిచి మరీ పెట్టేవాళ్లు. ఇప్పుడు చేతిలో నీళ్ల సీసా, వెనక లారీ హారను. పసుపు పంచె చూసి కుక్కలు కూడా వింతగా మొరిగాయి.

పిచ్చాటూరు దగ్గర రోడ్డు పక్క చిన్న పూరింట్లో తిన్న సంగటి మాత్రం మర్చిపోలేను. వేడి రాగి సంగటి ముద్ద, సెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి), పక్కన గోంగూర. ఉల్లిపాయ వేసిందేదీ తిననని చెప్తే ఆ పెద్దామె విసుక్కోకుండా ఊరిబిండి నా కోసం వేరేగా రోట్లో నూరింది. "ఒక్కడివే పోతా ఉండావా నాయనా? తోడెవురూ రాలేదా?" అని అడిగి, బావ కథ విని పడీపడీ నవ్వింది. రెండో ముద్దకు డబ్బులు తీసుకోలేదు. మొత్తం 50 రూపాయలు. చెన్నైలో ఆ డబ్బుకి పొడి దోసె కూడా రాదు.

పద్మావతమ్మ పెళ్లి జరిగిందని చెప్పే నారాయణవనంలో గుడి చూసుకుని, రాత్రి ఎనిమిదికి పుత్తూరు చేరాను. విరిగిన ఎముకలకు పసరు కట్టు కట్టే ఊరిగా పుత్తూరుకు పేరు. కాలు విరిగినవాడికి దొరికే ఆదరణ కాళ్లు నొప్పెట్టినవాడికి దొరకదని అక్కడే తెలిసింది.

మొదటి లాడ్జిలో కుర్రాడు ఫోన్లోంచి తలెత్తకుండానే "సింగిల్‌కి రూము లేదు సార్" అన్నాడు. వాడి వెనక గోడ నిండా తాళాలు వేలాడుతున్నాయి. ఆధార్ చూపించాను, మా ఆవిడతో ఫోన్లో మాట్లాడించాను. "ఒంటరిగా వచ్చినోళ్లు ఏమన్నా చేసుకుంటే పోలీసులు మా మీద పడతారు సార్" అన్నాడు చివరికి. తిరుమలకు నడిచి వెళ్లేవాడు దారిలో ఎందుకు చస్తాడు? ఆ మాట అడిగేశాను కూడా. మా ఆవిడ ఫోన్లో అంతా వింటోంది. "వెంటనే బస్సెక్కి ఇంటికి రా" అని ఆమె టెన్షన్ ఆమెది.

రెండో లాడ్జిలో ఇద్దరి రేటు కడితే ఇస్తానన్నాడు. గది 1,100, అడ్వాన్సు 300. ఫ్యాను గొణుగుతుంది కానీ తిరగదు, దోమలు లెక్కలేనన్ని. వేడినీళ్లు ఒక్క బకెట్, అదీ పొద్దున ఆరింటికి. నాకు నాలుగింటికే బయల్దేరాలి కాబట్టి అదీ లేదు. పడుకునే ముందు కాళ్లకు పసుపు, కొబ్బరినూనె రాసుకున్నాను. తువ్వాలు మీద పసుపు మరక పడిందని అడ్వాన్సులో 200 కోసేశాడు. ఆ తువ్వాలు కొత్తదే కొంటే 80 అవుతుంది. మరక తువ్వాలు నాకే ఇవ్వమన్నాను, ఇవ్వనన్నాడు.

పుత్తూరు నుంచి తిరుపతి దాకా హైవే, ఒక రోజంతా పట్టింది. ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడి పక్కన నడవండి. రాత్రి దూరపు చుట్టాలింట్లో పడుకున్నాను.

అలిపిరిలో సంచి ఇచ్చేస్తే ఉచితంగా కొండమీదికి చేరుస్తారు. 3,550 మెట్లలో గాలిగోపురం దాకానే ప్రాణం పోతుంది, తర్వాత చాలాసేపు నడకే, చివర్లో మోకాళ్ల పర్వతం మళ్లీ పని పెడుతుంది. 2023 ఆగస్టులో ఈ దారిలో చిరుత దాడికి ఒక చిన్నారి బలైంది. అందుకే అడవి ఎక్కువున్న చోట కాపలావాళ్లు నన్ను ఆపి ఒక కడప కుటుంబంతో కలిపి పంపారు. వాళ్ల ముసలాయన ప్రతి పది మెట్లకీ కూర్చుంటాడు. కూర్చున్నప్పుడల్లా మనవడు నాకొక వేరుశనగ ఉండ ఇచ్చాడు.

తిరుమలలోనూ ఒంటరివాళ్లకు గది ఇవ్వరు. కానీ యాత్రికుల సముదాయంలో లాకరు ఉచితం, చాప ఉచితం, స్నానానికి వేడినీళ్లున్నాయి, వెంగమాంబ అన్నప్రసాద భవనంలో భోజనం ఉచితం. వందలమంది మధ్య నేలమీద పడుకున్నాను. పుత్తూరు పరుపు కన్నా ఎంతో నయం, పైగా ఎవరూ "సింగిలా?" అని అడగలేదు. దర్శనం బాగా అయింది.

దర్శనంతో వచ్చిన ఉచిత లడ్డూ కాక, 50 చొప్పున నాలుగు కొన్నాను. ఇంటికి రాగానే బావ పళ్లెం పట్టుకుని సిద్ధం. ఆయన ఎంత దూరం నడిచాడో లెక్కకట్టి మా ఆవిడ సగం లడ్డూ తుంచి పెట్టింది.