యాంటీ టీపీఓనా, టీ సెల్స్ లెక్కా: థైరాయిడ్‌కి ఏది మేలు?

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం నుంచి పదేపదే అడుగుతున్నారు: హషిమోటో (సొంత రోగనిరోధక కణాలే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు) అని తేలాక యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద తయారైన యాంటీబాడీని చూసే రక్తపరీక్ష) చాలదా, టీ సెల్స్, బీ సెల్స్ అనే తెల్ల రక్తకణాలను లెక్కపెట్టే ఫ్లో సైటోమెట్రీ కూడా చేయించాలా?

రోగం మొదలయ్యేది కణాల్లోనే. హషిమోటోలో టీహెచ్1, టీహెచ్17 అనే టీ కణాలు రెచ్చిపోతాయి, వాటికి కళ్లెం వేయాల్సిన టీరెగ్ కణాలు పట్టు తప్పుతాయి, సీడీ8 అనే టీ కణాలు థైరాయిడ్ కణాలను చంపుతాయి. గ్రేవ్స్ అనే మరో థైరాయిడ్ జబ్బులో బీ కణాలు చేసిన యాంటీబాడీ టీఎస్‌హెచ్ (థైరాయిడ్ చేత పని చేయించే హార్మోన్) రిసెప్టర్‌ను నొక్కిపట్టి గ్రంథి చేత అతిగా పని చేయిస్తుంది.

కానీ ఈ గొడవంతా మెడలోని గ్రంథిలో జరుగుతుంది, మనం తీసేది చేతి రక్తం. గ్రంథి నిండా లింఫోసైట్లు (టీ, బీ కణాలు) పేరుకున్నా రక్తంలో సీడీ4, సీడీ8 టీ కణాల లెక్క మామూలుగానే కనిపించొచ్చు. నా మటుకు తేల్చేది ఇదే. జలుబు చేసినా, స్టెరాయిడ్ వాడినా, పొద్దుటికీ సాయంత్రానికీ కూడా ఆ అంకెలు మారతాయి. పైగా శాంపిల్‌ను ఈడీటీఏ ట్యూబులో, ఫ్రిజ్‌లో పెట్టకుండా, మామూలుగా 24–48 గంటల్లో మెషీన్‌కి ఎక్కించాలి. రాయగడలో శనివారం తీసింది విశాఖ చేరి సోమవారం దాకా ఆగితే కణాలు చచ్చి లెక్క తప్పుతుంది. సరిగ్గా వచ్చినా దాన్ని చూసి ఏ డాక్టరూ థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ బిళ్ల) డోసు మార్చరు.

యాంటీ టీపీఓ సీరం 2–8 డిగ్రీల్లో కొన్ని రోజులు ఆగుతుంది. హషిమోటో ఉన్నవాళ్లలో సుమారు 90 శాతానికి పాజిటివ్ వస్తుంది. ఇంగ్లండ్‌లోని విక్హమ్‌లో 20 ఏళ్లు గమనించిన ఆడవాళ్లలో టీఎస్‌హెచ్, యాంటీబాడీ రెండూ ఎక్కువున్నవాళ్లు ఏడాదికి 4.3 శాతం చొప్పున పూర్తి హైపోథైరాయిడ్‌లోకి (థైరాయిడ్ హార్మోన్ చాలని స్థితిలోకి) జారారు. యాంటీబాడీ ఒక్కటే ఉన్నవాళ్లు 2.1 శాతం. అంటే ఎవరిని ఎంత తరచుగా చూడాలో ఇది చెబుతుంది. ఒకసారి పాజిటివ్ వచ్చాక మళ్లీ మళ్లీ చేయించొద్దు, డోసుకి టీఎస్‌హెచ్ చాలు. జుట్టు రాలకుండా వాడే బయోటిన్ బిళ్లలు కనీసం 2 రోజుల ముందే ఆపాలి. లేకపోతే కొన్ని మెషీన్లలో టీఎస్‌హెచ్ తక్కువగా, యాంటీబాడీలు ఎక్కువగా చూపి లేని గ్రేవ్స్ పుట్టుకొస్తుంది.

గ్రేవ్స్ అనుమానమైతే ట్రాబ్ (టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష) చేయించండి, గర్భిణులకైతే తప్పనిసరి. యాంటీ టీజీ అనే మరో యాంటీబాడీ పరీక్ష అరుదుగా పనికొస్తుంది.

రక్తకణాల లెక్క నిజంగా ప్రాణం కాపాడే సందర్భం ఒకటుంది. అతిగా పనిచేసే థైరాయిడ్‌కి ఇచ్చే కార్బిమజోల్ వాడుతూ జ్వరం, గొంతునొప్పి వస్తే మందు ఆపి, ఆ రోజే సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించి న్యూట్రోఫిల్స్ (ఈ మందుతో అరుదుగా పడిపోయే, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్ల కణాలు) చూపించుకోవాలి. ఇది పర్లాకిమిడిలోనే అయిపోతుంది, విశాఖ దాకా వెళ్లి రోజు పోగొట్టుకోవద్దు.