గోగో కథ, లైబ్రరీ మైకు: డర్బన్‌లో ఐదు రోజులు

మా తమ్ముడు ఉద్యోగరీత్యా దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్‌లో ఉంటాడు. ఈసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు అందరూ క్రూగర్ అడవికి వెళ్లి సింహాల్ని చూసి రమ్మన్నారు. నేను డర్బన్ వెళ్తానన్నాను. ఇరవై రెండేళ్లు స్కూలు లైబ్రరీలో పనిచేసినదాన్ని. ఏ వేరు ఏ జబ్బుకి వాడతారు, ఏ కొండకి ఆ పేరు ఎందుకొచ్చింది, ఏ పాట ఏ సమయంలో పాడాలి లాంటివి పుస్తకాల్లోకి ఎక్కవు. పెద్దవాళ్ల నోట్లో ఉంటాయి. అలాంటివాటిని లైబ్రరీ ఎలా దాచిపెట్టాలి, ఎలా పంచాలి అన్నది నన్ను ఎన్నాళ్లుగానో వెంటాడుతున్న ప్రశ్న. డర్బన్ నగరపాలక సంస్థ లైబ్రరీలు 2008లో ఆ పని మొదలుపెట్టాయని చదివాను. ఆ కార్యక్రమం పేరు ఉల్వాజి. జులూ భాషలో ఎరుక అని అర్థం. "నేనూ వస్తా వదినా" అని మా మరదలు కూడా బయల్దేరింది. కారు తనే నడిపింది.

జోహన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్‌కి దాదాపు 570 కిలోమీటర్లు. ఎన్3 హైవే బాగుంది, టోల్ గేట్లు మాత్రం చాలా ఉన్నాయి. వాన్ రీనెన్ కనుమ దగ్గర పొగమంచు పడితే లారీల వెనకే మెల్లగా పోవాలి, తొందరపడకండి. విమానంలో అయితే గంట ప్రయాణమే. కానీ కింగ్ షాకా ఎయిర్‌పోర్టు ఊరికి ఉత్తరాన 35 కిలోమీటర్ల దూరంలో ఉంది, ఆ టాక్సీ ఖర్చు లెక్కలో వేసుకోండి. మేం ఆగస్టులో వెళ్లాం. ఎండ హాయిగా ఉంది, వానల్లేవు. జులై మొదటి శనివారం అక్కడ పెద్ద గుర్రప్పందేలు జరుగుతాయి, ఆ వారం గదుల ధరలు బాగా పెరిగిపోతాయి.

మొదటి రాత్రి సముద్రం ఒడ్డున ఒక హోటల్లో దిగాం. పేరు చెప్పను. సముద్రం కనిపించే గది అని డబ్బులు తీసుకుని, పక్క బిల్డింగు గోడ కనిపించే గది ఇచ్చారు. వైఫై రాలేదు. పార్కింగుకి విడిగా వసూలు చేశారు. మరదలు మర్యాదగానే గట్టిగా అడిగింది, అయినా పని జరగలేదు. మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసి, ఊరికి ఎగువనున్న బెరియా గట్టు మీద ఒక చిన్న గెస్ట్‌హౌస్‌కి మారాం. మిగతా నాలుగు రాత్రులూ అక్కడే. వేణ్ణీళ్లు, శుభ్రమైన దుప్పట్లు, పొద్దున్నే టిఫిను, అన్నీ బాగున్నాయి. మేం మాంసం తినమని తెలిసి ఆ ఇంటావిడ రోజూ చిక్కుడుగింజల కూర విడిగా చేసి పెట్టింది. లైబ్రరీల కోసం వెళ్లేవాళ్లకి నా సలహా బెరియానే. బీచి చూడాలంటే టాక్సీ పదిహేను నిమిషాలు కూడా పట్టదు. ఇంకొక్క మాట, అక్కడి ప్లగ్గుకి మన గీజరు ప్లగ్గులాగా మూడు లావుపాటి పిన్నులుంటాయి. మన ఫోన్ ఛార్జరు అందులో పట్టదు, అడాప్టరు కొనుక్కోండి.

ఇనాండా వైపు ఒక టౌన్‌షిప్‌లో, అంటే ఊరి శివార్లలో నల్లవాళ్లు ఉండే పేటలో, చిన్న బ్రాంచి లైబ్రరీకి వెళ్లడమే ఈ ప్రయాణంలో నాకు దక్కిన గొప్ప రోజు. ఇటుక గోడలు, రేకుల కప్పు, స్కూలు యూనిఫారాల్లో పిల్లలు, నాలుగైదు కంప్యూటర్లు. అక్కడి లైబ్రేరియన్ ఉల్వాజి పని ఎలా నడుస్తుందో ఓపిగ్గా చెప్పింది. ముందు ఆ పేటల్లోనే ఉండే యువతకి రికార్డరు, కెమెరా వాడటం, పెద్దవాళ్లని ఎలా అడగాలి, ఎలా వినాలి అన్నవి నేర్పిస్తారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి తమ ఊరి కథలు, ఇంటి పేర్ల చరిత్ర, వంటలు, మొక్కల వాడకం, పెళ్లీ చావూ ఆచారాలు సేకరిస్తారు. వాటిని జులూలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఇంటర్నెట్‌లో పెడతారు. వికీపీడియా ఏ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుందో ఇది కూడా దాని మీదే మొదలైంది. కంప్యూటర్ లేనివాళ్లు ఫోన్లో చూడొచ్చు, ఫోన్లో డేటా లేకపోతే లైబ్రరీకి వచ్చి చూడొచ్చు.

నాకు బాగా నచ్చింది ఏమిటంటే, సేకరించేది బయట నుంచి వచ్చిన పరిశోధకులు కాదు, ఆ ఇంటి మనవళ్లే. ఎవర్ని ఏ వరసతో పిలవాలి, ఎక్కడ కూర్చోవాలి, ఏ ప్రశ్న అడగకూడదు అన్నవి వాళ్లకి పుట్టుకతో తెలుసు.

మేం వెళ్లిన మధ్యాహ్నం పిల్లలకి కథ చెప్పడానికి ఒక గోగో వచ్చింది. గోగో అంటే అమ్మమ్మ, నాన్నమ్మ. ముసలావిడ ఎవరైనా గోగోయే. కుర్చీ వద్దని చాప అడిగింది. తలకి రుమాలు, భుజం మీద దుప్పటి, మోకాళ్ల మీద రెండు చేతులూ. "క్వేసుకేసుకేలా" అంది. అనగనగా అన్నట్టు. పిల్లలంతా ఒక్కసారిగా "చోసి" అన్నారు. ఆ మొదటి అక్షరం మన ‘చ’ కాదు. మనం జాలిపడినప్పుడు నాలుక పళ్లకి ఆనించి ‘ప్చ్’ అని శబ్దం చేస్తాం కదా, అది వాళ్ల భాషలో ఒక హల్లు. ముప్పై మంది పిల్లలు ఒకేసారి ఆ శబ్దం చేస్తే గదిలో చినుకులు రాలినట్టుంది. ఊ కొట్టకపోతే కథ ఆపేసే మా తాతమ్మ గుర్తొచ్చి నాకు కళ్లు చెమర్చాయి.

ఒక కుర్రాడు మైకు పట్టుకుని రికార్డు చేస్తున్నాడు. కథ అయ్యాక అతను ఏదో మొక్క గురించి అడిగాడు. గోగో కొంచెం చెప్పి, చెయ్యెత్తి, మైకు వైపు చూపించింది. అతను మారుమాట లేకుండా మీట నొక్కేశాడు. తర్వాత ఆవిడ ఏం చెప్పిందో నాకు తెలీదు, లైబ్రేరియన్ కూడా అనువాదం చెయ్యలేదు. "అది వాళ్లింటి సంగతి. మా దగ్గర ఉండక్కర్లేదు" అంది. అందరికీ అందించడమే లైబ్రరీ ధర్మం అని నమ్మి పనిచేసినదాన్ని. అడగకుండా తీసుకోకూడదన్నది కూడా అంతే ముఖ్యమని ఆ క్షణంలో నాకు గట్టిగా అనిపించింది.

ఆ జాగ్రత్తకి కారణం ఉంది. అక్కడి ఆదివాసులైన సాన్ ప్రజలు వేటకి వెళ్లినప్పుడు ఆకలి తెలియకుండా హూడియా అనే ఎడారి మొక్కని నమిలేవారు. దాని మీద 1996లో ఆ దేశపు ప్రభుత్వ పరిశోధనా సంస్థ పేటెంటు తీసుకుంది. సాన్ ప్రజల్ని ముందు ఎవరూ అడగలేదు. వాళ్లకీ వాటా ఇవ్వాలని ఒప్పందం కుదిరింది 2003లో. దేశీయ జ్ఞానాన్ని కాపాడటానికి దక్షిణాఫ్రికా 2019లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేసుకుంది. మన పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటుని 1997లో రద్దు చేయించుకున్న దేశం నుంచి వెళ్లినదాన్ని కాబట్టి, ఆ బాధ ఏమిటో నాకు వేరే చెప్పక్కర్లేకపోయింది.

మర్నాడు కిల్లీ క్యాంప్‌బెల్ గ్రంథాలయం. బెరియా మీదే, ముకెల్‌నూక్ అనే పాత బంగళాలో ఉంది. చక్కెర తోటల కుటుంబంలో పుట్టిన కిల్లీ క్యాంప్‌బెల్ జీవితమంతా పుస్తకాలు, చేతిరాతలు, బొమ్మలు కూడబెట్టింది. ఆమె 1965లో చనిపోయింది. ఇప్పుడు అది క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. ముందుగా ఈమెయిలు పెట్టి, ఏం చూడాలనుకుంటున్నామో రాసి వెళ్లండి. మేం అలాగే వెళ్లాం, పని సాఫీగా జరిగింది. బ్యాగులు బయట పెట్టి, పెన్ను బదులు పెన్సిలు పట్టుకుని కూర్చోవాలి.

ఇక్కడి పెన్నిధి జేమ్స్ స్టువర్ట్ కాగితాలు. ఈయన బ్రిటిష్ వాళ్ల కాలంలో మేజిస్ట్రేటు. జులూ చక్కగా వచ్చినవాడు. 1897 నుంచి 1922 దాకా సుమారు 200 మంది పెద్దల్ని కూర్చోబెట్టి, వాళ్లు చెప్పిన వంశచరిత్రలు, యుద్ధాలు, రాజుల స్తుతి పద్యాలు రాసుకున్నాడు. చెప్పినవాళ్ల పేర్లు కూడా రాశాడు. ఎన్‌దుక్వానా అనే ఒక్క పెద్దాయన చెప్పినవే ఎన్నో పేజీలున్నాయి. 1976 నుంచి వీటిని సంపుటాలుగా అచ్చువేస్తున్నారు. ఈ కాగితాలు లేకపోతే జులూ రాజు షాకా కాలం గురించి ఆఫ్రికన్ల నోట వచ్చిన మాట మనకి చాలా తక్కువ మిగిలేది.

అయినా మనసులో ఒక ముల్లు ఉంది. వలస పాలకుల ఉద్యోగి అడిగితే ఎవరు ఎంత మనసు విప్పి చెప్తారు? గోగోలాగా చెయ్యెత్తి ఆపమనే చనువు వాళ్లకి ఉండేదా? పైగా ఆ మాటలు చెప్పినవాళ్ల మనవళ్లు వాటిని చదవాలంటే ఈ బెరియా గట్టు మీదికి వచ్చి, అనుమతి తీసుకుని, ఈ నిశ్శబ్దపు బంగళాలోకి రావాలి. భద్రంగా ఉండటంలో ఇది మొదటిది. జనానికి అందడంలో ఇనాండా వైపు రేకుల కప్పు లైబ్రరీకే నా ఓటు. రెండిట్లో ఒకటే చూసే టైముంటే అక్కడికే వెళ్లండి.

మూడో రోజు వార్విక్ జంక్షన్. రైలు స్టేషను, టాక్సీ స్టాండ్లు, తొమ్మిది బజార్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఒక్కళ్లే వెళ్లొద్దు, ఫోన్ చేతిలో పట్టుకుని తిరగొద్దు. ఆ వ్యాపారుల కోసం పనిచేసే అసియే ఎతఫులేని అనే సంస్థ గైడుతో తిప్పి చూపిస్తుంది. వాళ్లతోనే వెళ్లాం, ప్రతి రూపాయికీ తగ్గ సేవ. గైడుకి దుకాణాల వాళ్లంతా తెలుసు కాబట్టి మమ్మల్ని ఎవరూ పరాయిగా చూడలేదు.

కట్టి వాడకుండా వదిలేసిన ఫ్లైఓవర్ మీద మందుల బజారు ఉంది. కింద హైవే మీద బస్సులు పోతుంటాయి, పైన చెట్ల బెరళ్లు పెంకుల్లాగా దొంతర్లు పేర్చి ఉంటాయి. దుంపలు, వేర్లు, ఎర్రమట్టి ఉండలు. కత్తితో బెరడు టకటకా నరుకుతున్న చప్పుడు. ఇంపేఫో అనే ఎండుగడ్డి కట్టలు కనిపించాయి. పూర్వీకుల్ని తలుచుకునేటప్పుడు దాన్ని కాల్చి పొగ వేస్తారు. ఒక రెబ్బ నలిపి వాసన చూస్తే మా ఇంట్లో శుక్రవారం సాంబ్రాణి పొగ జ్ఞాపకం వచ్చింది. పుస్తకాలు లేకపోయినా ఇది కూడా లైబ్రరీయే అనుకున్నాను. ఏ దుంప ఎక్కడ దొరుకుతుంది, ఎంత మోతాదు మించితే విషం అవుతుంది అన్నది ఇన్యాంగాలకి, అంటే అక్కడి మూలికా వైద్యులకి కంఠతా వచ్చు. ఫొటో తియ్యొచ్చా అని అడిగితే ఒకావిడ సరే అంది, పక్కావిడ వద్దంది. వద్దన్నచోట కెమెరా దించేశాం.

అక్కడే బాధ కలిగించే విషయం కూడా విన్నాను. ఇసిభాహా అనే ఘాటు బెరడు చెట్టుని దగ్గుకీ జలుబుకీ వాడతారు. గిరాకీ ఎక్కువై చెట్టు చుట్టూ బెరడు ఒలిచేయడంతో అడవుల్లో అది అరుదైపోయింది. చెట్టే లేకపోతే దాని వాడకం కంప్యూటర్లో రాసిపెట్టి ఏం లాభం? అందుకే నగరపాలక సంస్థ, భారతీయులు ఎక్కువగా ఉండే చాట్స్‌వర్త్ పేట పక్కన సిల్వర్‌గ్లెన్‌లో మందు మొక్కల నర్సరీ నడుపుతోంది. అక్కడ గంట తిరిగాం. ప్రశాంతంగా ఉంది, తినడానికి మాత్రం ఏమీ దొరకదు, నీళ్ల సీసా పట్టుకెళ్లండి.

తిండి గురించి చెప్పాలంటే, బ్రెడ్డు తొలిచి అందులో కూర పోసిచ్చే బన్నీ చౌ బీన్స్‌తో కూడా దొరుకుతుంది. నాకైతే ఉఫుతు నచ్చింది. మొక్కజొన్న పిండితో పొడిపొడిగా వండిన సంగటి, దాంట్లో అమాసి అనే పుల్లటి పెరుగు. 1910 నుంచి నడుస్తున్న పొద్దుటి కూరగాయల బజారులో కరివేపాకు, బెండకాయలు చూసి మరదలు ఎగిరి గంతేసింది. చేమదుంపల్ని అక్కడ జులూలు, భారతీయులు అందరూ అమదుంబే అనే అంటారు. ఫీనిక్స్‌లో గాంధీ గారి ఆశ్రమం, ఓహ్లాంగేలో మండేలా 1994లో తొలి ఓటు వేసిన స్కూలు ఒకే పూటలో చూసేయొచ్చు. ఆ రోజు మేం మాట్లాడుకున్న కారు డ్రైవరు గంటన్నర ఆలస్యంగా వచ్చి, పైగా ఎక్కువ అడిగాడు. యాప్‌లో బుక్ చేసుకోవడమే నయం.

చివరి రోజు అదే విశ్వవిద్యాలయం వెస్ట్‌విల్ క్యాంపస్‌లో గాంధీ–లుథూలీ డాక్యుమెంటేషన్ సెంటర్‌కి వెళ్లాం. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. 1911 వరకు చెరకు తోటల కూలికి వచ్చినవాళ్లు లక్షా యాభై రెండు వేల మందికి పైనే. వాళ్లలో మన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నదీ వాళ్ల పిల్లలే. ఆ ఓడల జాబితాలు ఇక్కడ చూడొచ్చు. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా. అప్పన్న, సన్యాసి లాంటి పేర్లు. విశాఖపట్నం, గోదావరి జిల్లాలు. అన్నీ ఇంగ్లీషు గుమస్తా చెవికి వినబడినట్టు రాసినవే. ఊరి పేర్లు కొన్ని ఎంత కూడబలుక్కున్నా అర్థం కాలేదు. మరదలు పైకి చదివింది, నేను కళ్లు మూసుకుని విన్నాను. కాగితం మీద చూస్తే తెలియని ఊరు చెవిన పడితే తెలుస్తోంది. ఒక పేరు మూడోసారి చదివినప్పుడు "అది మా పెద్దత్త వాళ్ల ఊరు పక్కదే" అన్నాను, లేచి నిలబడ్డాను కూడా.

ఆ తోటల్లో వాళ్లు పాడుకున్న పాటలు, పురుడికి వేసిన కషాయాలు, పాము కాటుకి చదివిన మంత్రాలు ఈ జాబితాలో లేవు. అడగడానికి అప్పట్లో ఇంటింటికీ మనవళ్లని పంపిన లైబ్రరీ లేదు. ఇప్పటికీ తెలుగు ముక్క వచ్చిన ముసలివాళ్లు చాట్స్‌వర్త్‌లో కొందరున్నారని మా గెస్ట్‌హౌస్ ఆవిడ చెప్పింది. మాకు టైము చాలలేదు. ఈసారి వెళ్తే రెండు రోజులు వాళ్ల కోసమే ఉంచుకుంటాను, రికార్డరు కూడా పట్టుకెళ్తాను.

ఆ రోజు పద్నాలుగు ఊళ్ల పేర్లు నోట్సులో ఎక్కించుకున్నాం. ఇంటికొచ్చాక జిల్లా మ్యాపు ముందేసుకుని, శ్రీకాకుళం వైపు చుట్టాలకి ఫోన్లు చేసి, నాలుగు కచ్చితంగా పోల్చుకున్నాను. వాటిని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి ఆ సెంటర్‌కి పంపించాను. మిగతా పదింటికి ఇంకా అడుగుతున్నాను.