వానాకాలానికి మెటల్ బ్రేక్ ప్యాడ్లే కరెక్ట్

సైకిల్ డిస్క్ బ్రేకులకి రెజిన్ (జిగురు లాంటి పదార్థంతో అతికించి చేసే) ప్యాడ్లు తీయించి షిమానో కంపెనీ మెటల్ ప్యాడ్లు వేయించాను, వానల్లో హైదరాబాద్ రోడ్ల మీద తొక్కేవాళ్లు కళ్లు మూసుకుని కొనొచ్చు. లోహపు పొడిని వేడితో, ఒత్తిడితో గట్టిగా అతికించి చేస్తారు కాబట్టి చక్రం నుంచి బురద, ఇసుక చిమ్మినా త్వరగా అరగవు, జూబ్లీహిల్స్ దిగుడంతా బ్రేకు పట్టుకునే దిగినా వేడికి పట్టు సడలదు. తడిస్తే కీచుమంటాయి, అది నిజం. రెజిన్‌వి చప్పుడు చేయవు, నొక్కగానే పట్టేస్తాయి, పైకప్పున్న ఔటర్ రింగ్ రోడ్ సైకిల్ ట్రాక్ వరకే తిరిగేవాళ్లకి అవి చాలు. ఒక్కటి మాత్రం చూసుకోండి: రోటర్ (ప్యాడ్లు పట్టుకునే గుండ్రటి స్టీలు పళ్లెం) మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ఉంటే మెటల్ ప్యాడ్ల జోలికి పోవద్దు, ఆ మెత్తటి స్టీలుని ఇవి తినేస్తాయి.